చిట్టా, ఆవర్జా, ఛేంజ్‌లాగ్

ఈసారి ఒక ఫైలు చరిత్ర రాస్తున్నాను. రాజుల చరిత్ర కాదు, ఊరి చరిత్ర కూడా కాదు. మీ కంప్యూటర్‌లో లినక్స్ ఉంటే ఆ ఫైలు ఇప్పటికే వందల కాపీల్లో ఉంటుంది. దాని పేరు ఛేంజ్‌లాగ్. ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో ఎప్పుడు ఏం మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని రాసిపెట్టే పుస్తకం అది.

దీనికి తెలుగు మాట ఏది అని వెతికాను. "మార్పుల చిట్టా" అని కొందరు రాస్తారు. మాట బాగుంది. కానీ చిట్టా అంటే అసలు ఏమిటి అని అమ్మని అడిగితే కొత్త సంగతి తెలిసింది. పాతకాలం కొట్టు లెక్కల్లో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా. రోజూ జరిగింది జరిగినట్టు, ఏ వరసలో జరిగితే ఆ వరసలో రాసేది. రెండోది ఆవర్జా. చిట్టాలోంచి తీసి, ఎవరి ఖాతా కింద వాళ్ళది, ఒక పద్ధతిలో ఎక్కించేది. రెండింటిలోనూ ఒక్కొక్క నమోదుని "పద్దు" అంటారు. బ్రౌన్ నిఘంటువులో కూడా ఈ మాటలు ఉన్నాయి. చిట్టా రాసేవాడి కోసం. ఆవర్జా తర్వాత చూసేవాడి కోసం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది. నా ఉద్దేశంలో ఛేంజ్‌లాగ్ గురించి ప్రోగ్రామర్లు యాభై ఏళ్ళుగా పడుతున్న గొడవ అంతా ఈ రెండు మాటల్లో ఉంది.

కథ న్యూజెర్సీలో మొదలవుతుంది. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ అనే ఆయన ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రామ్ రాశారు. ఒక ఫైలుకి ఎన్ని మార్పులు జరిగితే అన్నీ దాచిపెట్టే మొదటి పనిముట్లలో అది ఒకటి. మీరు మార్పుని లోపల పెట్టబోతే అది ఆగి "కామెంట్స్?" అని అడిగేది. ఏమైనా రాయాలి, లేదా ఖాళీగా వదిలేయాలి. ఖాళీగా వదిలేసినవాళ్ళు ఎంతమందో ఊహించుకోవచ్చు. పదేళ్ళ తర్వాత, 1980ల మొదట్లో, ఇండియానాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ తయారుచేశారు. అందులో ఒక తమాషా ఉండేది. ఫైలులో రెండు డాలరు గుర్తుల మధ్య "లాగ్" అని రాస్తే, ప్రతి మార్పుకీ మీరు రాసిన వ్యాఖ్య ఆ ఫైలులోకే వచ్చి కూర్చునేది. కొన్నేళ్ళకి కొన్ని ఫైళ్ళలో కోడు కన్నా లాగే ఎక్కువైపోయేది. ఇది పక్కా చిట్టా.

ఆవర్జా ఆలోచన మసాచుసెట్స్‌లో బలపడింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. ఆయన ఈమ్యాక్స్ ఎడిటర్‌తో పాటు ఛేంజ్‌లాగ్ అనే పేరుతోనే ఒక ఫైలు నడిచింది. అందులో 1985 నాటి పద్దులు ఇప్పటికీ చదవవచ్చు. పద్దు ఇలా ఉంటుంది: పై వరసలో తేదీ, పేరు, ఈమెయిలు. కింద కొంచెం జరిపి ఒక నక్షత్రం గుర్తు, ఏ ఫైలు, బ్రాకెట్లలో ఏ ఫంక్షన్, తర్వాత ఏం మారింది. కొత్త పద్దు ఎప్పుడూ పైన. పాతవి కిందికి దిగుతూ ఉంటాయి. ఈమ్యాక్స్‌లో ఈ పద్దు మొదలుపెట్టడానికి ప్రత్యేకంగా ఒక కీ వరస కూడా ఉంది.

గ్నూ వాళ్ళ నియమాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. వాళ్ళు రెండు పుస్తకాలు పెట్టమన్నారు. ఛేంజ్‌లాగ్ కోడు రాసేవాళ్ళ కోసం. న్యూస్ అనే ఇంకో ఫైలు వాడేవాళ్ళ కోసం. ఒక ఫంక్షన్ పేరు మారితే వాడేవాళ్ళకి అక్కర్లేదు, అది ఛేంజ్‌లాగ్‌లోకి. ఒక కొత్త ఆప్షన్ వస్తే అది న్యూస్‌లోకి. కొట్లో కూర్చున్న శెట్టిగారికి ఇది చెప్పక్కర్లేదు, ఆయనకి ముందే తెలుసు.

దీని వెనక చట్టం కూడా ఉంది. 1991లో వచ్చిన జీపీఎల్ రెండో వెర్షన్ ఒక షరతు పెట్టింది. మీరు ఎవరి ప్రోగ్రామ్‌నైనా మార్చి పంచితే, మార్చిన ఫైళ్ళలో మీరు మార్చినట్టు, ఏ తేదీన మార్చారో కూడా స్పష్టంగా కనిపించేలా రాయాలి. మూల రచయితకి చెడ్డపేరు రాకూడదు కదా. వేరేవాళ్ళు పెట్టిన తప్పు ఆయన నెత్తిన పడకూడదు. పద్దు రాయడం మర్యాద అనుకుంటాం కానీ, చాలా ప్యాకేజీలకి అది లైసెన్సు షరతు.

ఇప్పుడు మళ్ళీ పర్డ్యూకి వెళ్దాం. 1993 ఆగస్టులో అక్కడి విద్యార్థి ఇయన్ మర్డాక్ డెబియన్ ప్రకటించారు. డెబ్రా, ఇయన్ అనే రెండు పేర్లు కలిపి డెబియన్. అప్పటికి ఆర్‌సీఎస్ పుట్టి పదేళ్ళు దాటింది, అదే కాలేజీలో. ఇద్దరికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ ఇండియానా మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక్క ఊరు ఈ కథలో రెండుసార్లు రావడం నాకు సరదాగా అనిపించింది.

డెబియన్ పద్ధతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. డెబియన్‌లో ఒక ప్యాకేజీ రాసినవాళ్ళు వేరు, దాన్ని చూసుకునేవాళ్ళు వేరు. చూసుకునేవాళ్ళని మెయింటెయినర్ అంటారు. మెయింటెయినర్ వేరేవాళ్ళ ప్రోగ్రామ్ తీసుకుని, డెబియన్‌కి సరిపోయేలా సర్ది, ప్యాకేజీ కట్టి పంపుతారు. అందుకని ఒక ప్యాకేజీకి రెండు ఛేంజ్‌లాగ్‌లు ఉంటాయి. ఒకటి మూల రచయితలది, ఒకటి మెయింటెయినర్‌ది. రెండూ మీ మెషీన్‌లో డాక్యుమెంట్ల ఫోల్డరులో పక్కపక్కనే ఉంటాయి.

మెయింటెయినర్ రాసే పద్దుకి కచ్చితమైన రూపం ఉంది. మొదటి వరసలో ప్యాకేజీ పేరు, బ్రాకెట్లలో వెర్షన్, ఏ శాఖకి వెళ్తుంది, ఎంత తొందర. తర్వాత నక్షత్రాలతో మార్పులు. చివర రెండు అడ్డగీతలు, పేరు, ఈమెయిలు, తేదీ. ఈమెయిలుకీ తేదీకీ మధ్య సరిగ్గా రెండు ఖాళీలు ఉండాలి. ఒక్క ఖాళీ పెడితే మెషీన్ గొణుగుతుంది. ఉత్తరం చివర సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పే స్కూలు టీచర్ గుర్తొస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, డెబియన్‌లో ఛేంజ్‌లాగ్ జరిగిపోయినదాని గురించి రాసే కాగితం మాత్రమే కాదు. అది పని చేయిస్తుంది. ప్యాకేజీ వెర్షన్ నంబరు ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? ఛేంజ్‌లాగ్ పై పద్దు నుంచే. "క్లోజెస్" అని రాసి బగ్ నంబరు వేస్తే, ప్యాకేజీ ఎక్కగానే ఆ బగ్ దానంతట అదే మూసుకుంటుంది. తొందర అన్న చోట ఏం రాశారో దాన్ని బట్టి, ప్యాకేజీ పరీక్షల శాఖలోకి వెళ్ళే ముందు మామూలుగా ఆగే రోజులు మారతాయి: తక్కువైతే 10, మధ్యరకమైతే 5, ఎక్కువైతే 2. ఒకే కోడు నుంచి ఎవరు కట్టినా ఒకేలాంటి ప్యాకేజీ రావాలనే ప్రయత్నం ఒకటి నడుస్తోంది. అందులో కట్టిన సమయం కింద గడియారాన్ని చూడరు, ఛేంజ్‌లాగ్ చివర సంతకంలో ఉన్న తేదీనే తీసుకుంటారు. అంటే మెయింటెయినర్ చేత్తో రాసిన ఆ వరస ప్యాకేజీ లోపలికి వెళ్ళిపోతుంది.

వెర్షన్ నంబరు ఎప్పుడూ పెరగాలి, తగ్గకూడదు. తగ్గితే జనాల మెషీన్లు దాన్ని కొత్తదిగా తీసుకోవు. మరి కొత్త వెర్షన్ చెడ్డదై, పాతదానికి వెనక్కి వెళ్ళాలంటే? డెబియన్ వాళ్ళు "రియల్లీ" అనే మాట వాడతారు. ఇది కూడా కింద వస్తుంది.

నార్త్ కెరొలైనాలో రెడ్ హ్యాట్ వాళ్ళు 1995లో ఆర్‌పీఎం తెచ్చారు. అక్కడ ఛేంజ్‌లాగ్ వేరే ఫైలు కాదు, ప్యాకేజీ కట్టే స్పెక్ ఫైలు చివర ఒక భాగం. పద్దు మొదట్లో వారం పేరు కూడా రాయాలి: బుధవారం, జూన్, తేదీ, సంవత్సరం. వారం పేరు, తేదీ కలవకపోతే "బూటకపు తేదీ" అని హెచ్చరిక వస్తుంది. పంచాంగం చూసుకుని ప్యాకేజీ కట్టాలన్నమాట.

ఇంతవరకూ సరదాగానే ఉంది. పద్దు ఎంత ముఖ్యమో తెలియాలంటే 2006లో డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి జరిగినది చూడాలి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంటే ఇంటర్నెట్‌లో రహస్యాలు కాపాడే లైబ్రరీ. తాళంచెవులు అదే తయారుచేస్తుంది. తాళంచెవి ఎవరూ ఊహించలేనిది కావాలి కాబట్టి, లోపల యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే యంత్రం ఉంటుంది. దానికి నాలుగు వైపుల నుంచి చెత్తాచెదారం తెచ్చి పోస్తూ ఉంటారు. ఎంత కలగాపులగం అయితే అంత మంచిది. అయితే వాల్‌గ్రైండ్ అనే తనిఖీ పనిముట్టు ఈ కోడుని చూసి, విలువ పెట్టని మెమరీని చదువుతున్నారని ఫిర్యాదు చేసేది. డెబియన్‌లో దీనికి ఒక బగ్ నమోదైంది, నంబరు 363516. మెయింటెయినర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ళ మెయిలింగ్ లిస్టులో అడిగి, రెండు వరసలు ఆపేశారు. అందులో ఒక వరస తీసినా పెద్ద నష్టం లేదు. రెండోది మాత్రం చెత్తాచెదారాన్ని లోపలికి పోసే అసలు గొట్టం. అది ఆగిపోయాక యంత్రానికి మిగిలింది ఒక్కటే: ప్రాసెస్ నంబరు. అది అప్పటి మామూలు లినక్స్‌లో 32,768కి మించేది కాదు. అంటే ప్రపంచంలో ఎవరు ఒకే తరహా డెబియన్ మెషీన్‌లో తాళంచెవి చేసినా, ఒక్కో రకానికి, సైజుకి మొత్తం 32,768 తాళంచెవుల్లో ఒకటే వస్తుంది. ఒక ల్యాప్‌టాప్‌తో అన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఛేంజ్‌లాగ్ సంగతి. మెయింటెయినర్ దాచలేదు. యాదృచ్ఛిక యంత్రానికి విలువ పెట్టని డేటా పోయడం ఆపామని, దానివల్ల వాల్‌గ్రైండ్ ఫిర్యాదులు పోతాయని, బగ్ నంబరుతో సహా రాశారు. తన ఉద్దేశం ప్రకారం పద్దు నిజమే. 2006 సెప్టెంబరులో ఆ మార్పు ఉన్న 0.9.8సీ-1 ప్యాకేజీ అస్థిర శాఖలోకి వెళ్ళింది. 2007 ఏప్రిల్‌లో ఎచ్ అనే స్థిరమైన విడుదలలోకి వెళ్ళింది. ఉబుంటు లాంటి పిల్ల డిస్ట్రిబ్యూషన్లలోకీ వెళ్ళింది. పద్దు అందరి డిస్కుల మీదా ఉంది. ఇరవై నెలలపాటు ఎవరికీ అనుమానం రాలేదు. 2008 మే 13న డెబియన్ 1571 నంబరు భద్రతా హెచ్చరిక విడుదల చేసింది. కనిపెట్టింది లూసియానో బెయో.

ఇక్కడ రెండు పాఠాలు చెప్తారు. ఒకటి, ఛేంజ్‌లాగ్ ఎవరూ చదవరు కాబట్టి వేస్టు. నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ మే నెలలో ఏం జరిగిందో చూడండి. ప్రపంచమంతా ఉన్న అడ్మిన్లకి ఒకటే ప్రశ్న: నా తాళంచెవులు పారేయాలా, వద్దా? దానికి జవాబు చెప్పగలిగింది పద్దుల పుస్తకమే. 0.9.8సీ-1 నుంచి చెడింది. అంతకుముందు విడుదల సార్జ్‌కి ఏమీ కాలేదు. ఎచ్‌లో 0.9.8సీ-4ఎచ్3లో, అస్థిర శాఖలో 0.9.8జీ-9లో బాగైంది. ఈ రెండు గీతల మధ్య చేసిన ప్రతి తాళంచెవీ చెత్తబుట్టలోకి. డీఎస్ఏ రకం తాళంచెవులైతే ఇంకా ఘోరం: వేరేచోట బాగా తయారైనా, ఈ మెషీన్ల మీద ఒక్కసారి సంతకానికి వాడితే చాలు, నమ్మకూడదు. గీతలు కచ్చితంగా ఉండబట్టి పారేయాల్సినవి పారేశారు, మిగిలినవి ఉంచుకున్నారు. పద్దులు లేకపోతే అందరూ అన్నీ పారేయాలి, లేదా ఎవరూ ఏదీ పారేయరు.

రెండో పాఠం నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆ పద్దులో "ఎందుకు" ఉంది, బగ్ నంబరు ఉంది. అందుకే వెనక్కి నడిచి, ఆ బగ్ దగ్గరికి, ఆ చర్చ దగ్గరికి, ఆ రెండు వరసల దగ్గరికి వెళ్ళగలిగారు. ఒక్క మాటలో "చిన్న సవరణలు" అని రాసి ఉంటే? మన ప్యాకేజీల్లో అలా రాసినవి ఎన్ని లేవు!

2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాశారు. లినక్స్ కెర్నల్ గిట్ చరిత్ర 2.6.12-ఆర్‌సీ2 దగ్గర మొదలవుతుంది. మొదటి సందేశంలోనే ఆయన చెప్పేశారు: పాత చరిత్ర మా దగ్గర ఉంది కానీ ఇందులో పెట్టడం లేదని. అమెరికాలో పుట్టిన మనలో చాలామంది ఇళ్ళల్లో కుటుంబ చరిత్ర కూడా నాన్న వీసా వచ్చిన ఏడు నుంచే మొదలవుతుంది. అంతకుముందుది ఉంది, కానీ వేరే చోట ఉంది, అడిగితేనే చెప్తారు.

గిట్ వచ్చాక ప్రతి మార్పుకీ ఒక సందేశం, పేరు, తేదీ వాటంతట అవే ఉంటాయి. మరి ఛేంజ్‌లాగ్ చేత్తో ఎందుకు రాయాలి? ఇది న్యాయమైన ప్రశ్న. పైగా చేత్తో రాసే ఫైలుకి ఒక తలనొప్పి ఉంది. అందరూ పై వరసలోనే కొత్త పద్దు పెడతారు. ఇద్దరు ఒకేసారి రెండు వేరే పనులు చేసి పంపితే, కోడులో గొడవ లేకపోయినా ఛేంజ్‌లాగ్‌లో గొడవ. ఒకే కుర్చీ కోసం ఇద్దరు. గ్నూ వాళ్ళు ఈ ఒక్క గొడవ తీర్చడానికే ఒక ప్రత్యేకమైన ప్రోగ్రామ్ రాసుకున్నారు.

2015లో ఈమ్యాక్స్ వాళ్ళే చేత్తో రాయడం మానేసి, గిట్ సందేశాల నుంచి ఛేంజ్‌లాగ్ పుట్టించడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళ అలవాటు అది. 2020లో జీసీసీ కంపైలర్ వాళ్ళు కూడా అదే దారి పట్టారు. అక్కడ ఇప్పుడు రోజుకొకసారి ఒక బాట్ వచ్చి, కమిట్ సందేశాలు చదివి పద్దులు ఎక్కిస్తుంది. ఫెడోరాలో కూడా స్పెక్ ఫైలులో ఒక్క మాట రాస్తే చాలు, గిట్ చరిత్ర నుంచి ఛేంజ్‌లాగ్ తయారవుతుంది. బూటకపు తేదీల బాధ పోయింది.

కానీ ఇది చిట్టాని ఆవర్జా అని పిలవడమే కదా. గిట్ లాగ్ చిట్టా. అందులో "అక్షరదోషం సరిచేశాను", ఆ వెంటనే "మళ్ళీ సరిచేశాను", ఆ వెంటనే "ఈసారి నిజంగా" ఉంటాయి. పని చేసేవాడికి అవన్నీ కావాలి. ప్యాకేజీ అప్‌డేట్ చేయాలా వద్దా అని రాత్రి పదకొండింటికి చూస్తున్న అడ్మిన్‌కి వద్దు. ఆ అడ్మిన్‌కి కావలసింది మూడు నాలుగు పద్దులు: ఏం కొత్తగా వచ్చింది, ఏం పోయింది, ఏం విరగవచ్చు, భద్రతకి సంబంధించినది ఏమైనా ఉందా. 2014లో ఒలివియే లకాన్ "కీప్ ఎ ఛేంజ్‌లాగ్" పేరుతో ఇదే వాదన రాశారు. చేర్చినవి, మార్చినవి, త్వరలో తీసేసేవి, తీసేసినవి, బాగుచేసినవి, భద్రత అని ఆరు ఖాతాలు పెట్టమన్నారు. ఖాతాల కింద ఎక్కించడం అంటే ఆవర్జాయే. ఆయనకి తెలుగు కొట్టు లెక్కలు తెలిసి ఉండవు.

నేను చూసుకునే చిన్న ప్యాకేజీలకి నేను వాడే పద్ధతి మధ్యస్తంగా ఉంటుంది. పైథాన్ భాష వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళకి న్యూస్ ఫైలుతో ఈ కుర్చీ గొడవ బాగా ఎక్కువై, 2017లో బ్లర్బ్ అనే పనిముట్టు తెచ్చుకున్నారు. ప్రతి మార్పుతో పాటు ఒక చిన్న చీటీ ఫైలు రాస్తారు, దేని చీటీ దానిది. విడుదల రోజున చీటీలన్నీ కలిపి ఒక పద్దుల పట్టీ కడతారు. మనిషే రాస్తాడు, రాసేటప్పుడు విషయం వేడిగా గుర్తుంటుంది, గొడవ ఉండదు. మార్పు చేసినప్పుడే చదివేవాడిని తలుచుకుని రెండు వరసలు రాయడం, ఆరు నెలల తర్వాత గిట్ లాగ్ ముందు తల పట్టుకోవడం కన్నా చాలా తేలిక.

చిట్టా ఒక్కదాన్నే నమ్మితే ఏమవుతుందో 2024లో చూశాం. మార్చి 29న, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్యాకేజీలో దొంగదారి ఉందని బయటపెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని ఆయనకి అనుమానం వచ్చింది. దొంగదారి 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది. దాన్ని నడిపించే చివరి ముక్క గిట్‌లో లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉంది. మిగతా సరుకు గిట్‌లోనే ఉంది, "పరీక్ష ఫైళ్ళు" అనే అమాయకమైన సందేశాల వెనక. గిట్ లాగ్ ఎంత చదివినా దొరికేది కాదు. అప్పుడు డెబియన్ వెనక్కి వెళ్ళింది. ఛేంజ్‌లాగ్‌లో ఎక్కిన వెర్షన్: 5.6.1+రియల్లీ5.4.5-1. పేరు 5.6.1 కన్నా పెద్దది, లోపల ఉన్నది 5.4.5. "నిజంగా" అనే మాట ఇంత అవసరమైన చోట నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక మన భాషకి తగిలిన పద్దు. 2018 ఫిబ్రవరిలో, "జ్ఞా" అనే అక్షరం చూపించబోతే ఐఫోన్ యాప్‌లు ఆగిపోతున్నాయని వార్తలు వచ్చాయి. ఆ నోటిఫికేషన్ వస్తే ఫోన్ మొత్తం తిప్పలు పడేది. మామూలుగా టైప్ చేసే జ్ఞానం వల్ల ఏమీ కాదు. జ, పొల్లు, ఞ రాసి, దీర్ఘానికి ముందు కంటికి కనిపించని జీరో-విడ్త్ నాన్-జాయినర్ అనే గుర్తు ఉంటేనే ప్రమాదం. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి వరసలు దొరికాయి. కానీ ప్రపంచమంతా దాన్ని తెలుగు అక్షరం బగ్ అనే పిలిచింది. అమెరికా టీవీల్లో తెలుగు అనే మాట అంత తరచుగా వినపడటం నేను అంతకుముందు చూడలేదు. అదీ జ్ఞానం వల్ల!

ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. మ్యాక్, వాచ్, టీవీలకి కూడా అదే రోజు సవరణలు వచ్చాయి. విడుదల పత్రంలో ఏం రాశారంటే, కొన్ని అక్షర వరుసలు వాడితే యాప్‌లు ఆగిపోయే సమస్యని సరిచేశామని. అంతే. ఏ అక్షరాలు, ఏ లిపి అని లేదు. భద్రత పేజీలో మెమరీ పాడవుతుందని సాంకేతికంగా రాశారు, అక్కడా భాష పేరు లేదు. దాడి చేసేవాళ్ళకి ఆధారం ఇవ్వకూడదని అనుకుని ఉండవచ్చు, అప్పటికే ప్రపంచమంతా తెలిసిపోయినా. కానీ పదేళ్ళ తర్వాత ఎవరైనా తెలుగు లిపి కంప్యూటర్లలో ఎలా బతికిందో చరిత్ర రాస్తూ "తెలుగు" అని ఆ పత్రాల్లో వెతికితే, ఏమీ దొరకదు. వార్తాపత్రికల్లో దొరుకుతుంది, పద్దులో దొరకదు.

దానికి పూర్తిగా వ్యతిరేకం యూనికోడ్ పద్దులు. కాలిఫోర్నియాలో ఉన్న యూనికోడ్ కన్సార్టియం ప్రతి అక్షరం ఏ వెర్షన్‌లో వచ్చిందో ఒక సాదా ఫైలులో రాసిపెడుతుంది. 1991లో మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది, భారతదేశపు ఇస్కీ ప్రమాణం ఆధారంగా. 2008లో 5.1తో 13 గుర్తులు వచ్చాయి. 2014లో 7.0తో పాత ఴ అక్షరం, 2015లో 8.0తో బండిర లాంటి పాత ఱకి అక్క ౚ, 2019లో 12.0తో సిద్ధం గుర్తు, 2021లో 14.0తో నుక్తా, నకారపొల్లు. మీ ఫోన్‌లో ఈ వరసలో ఎక్కడైనా ఖాళీ డబ్బా కనిపిస్తే, మీ ఫాంటు ఆ ఏడు కన్నా పాతదని ఊహించవచ్చు. అలాంటప్పుడు ఫాంటు ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ తెరిచి చూడండి. డల్లాస్‌లో ఉన్న ఎస్ఐఎల్ వాళ్ళ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చే ఫాంట్లలో ఫాంట్‌లాగ్ అనే ఫైలు కూడా ఉండవచ్చు. ఏ అక్షరం ఎప్పుడు చేర్చారో, ఎవరు గీశారో అందులో రాయమని ఆ సంస్థ సలహా ఇస్తుంది.

2008 నాటి ఆ 13లో ఏమున్నాయో చెప్పి ఆపుతాను. అవగ్రహం ఒకటి. "చలి"లో వినిపించే దంత్య ౘ, "జల్లు"లో వినిపించే ౙ రెండు. ఌకి, దాని దీర్ఘానికి అచ్చుగుర్తులు రెండు. మిగతా ఎనిమిది లెక్కల గుర్తులు: నాలుగో వంతుల మీద నడిచే పాత భిన్నాల అంకెలు ఏడు, ధాన్యం కొలిచే తూము గుర్తు ఒకటి. చిట్టాలు, ఆవర్జాలు రాసిన చేతులు వాడిన గుర్తులు అవి.